తెరచిన తలుపు, ఎక్కలేని మెట్టు

సూరత్ నగరానికి ఈశాన్యంగా, తపతీనది ఒడ్డున, కామ్‌రేజ్ అనే ఊరు ఉన్నది. దానిని ఊరు అనడం నేడు కొంత సాహసమే. జాతీయ రహదారి, దాని కిరువైపులా లేచిన ఇళ్లవరుసలు, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలకూ బట్టల మిల్లులకూ పోయివచ్చే జనం దానిని మహానగరపు అంచుగా మార్చివేసినారు. కాని పేరు పాతది. నవసారి చాళుక్యుల తామ్రశాసనాలలో కనబడే కర్మణేయం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. 1949లో బరోడా సంస్థానం బొంబాయి రాష్ట్రంలో విలీనమయ్యేవరకు ఇది ఆ సంస్థానపు నవసారి ప్రాంతంలో ఒక తాలూకా. గ్రంథాలయాలను గూర్చి ఆలోచించేవారికి ఈ చివరి విషయమే ముఖ్యం.

ఎందుకంటే, ఈ దేశంలో గ్రంథాలయాన్ని రాజభవనం నుండి పల్లెకు నడిపించిన మొదటి ప్రభుత్వం బరోడాదే. మహారాజా సయాజీరావు గైక్వాడ్ 1906లో రాజ్యమంతటా నిర్బంధ ప్రాథమిక విద్యను ప్రవేశపెట్టినాడు. చదువు నేర్పి పుస్తకం ఇవ్వకపోవడం ఆకలి పుట్టించి అన్నం పెట్టకపోవడం వంటిదని ఆయనకు త్వరలోనే తెలిసివచ్చినది. అమెరికానుండి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయశాస్త్రజ్ఞుని 1910లో రప్పించి ఆ శాఖను అప్పగించినాడు. ఊరివారు మూడవవంతు సొమ్ము కూడబెడితే ప్రాంత పంచాయతీ మూడవవంతు, ప్రభుత్వం మూడవవంతు ఇచ్చేవి. గ్రంథాలయం పెట్టుకొనే శక్తి లేని పల్లెలకు కొయ్యపెట్టెలలో పుస్తకాలు పోయేవి, కొంతకాలం ఉండేవి, తిరిగి వచ్చేవి. బరోడా కేంద్ర గ్రంథాలయంలో స్త్రీలకు వేరుగా, పిల్లలకు వేరుగా గదులు ఏర్పడినవి.

ఇంతవరకు చాలామందికి తెలిసినదే. అంతగా తెలియని విషయం మరొకటి కలదు. ఆ శాఖలో దృశ్యబోధనకు ఒక విభాగం ఉండేది. మాయాదీపపు పలకలు, కంటికి ఆనించుకొని చూసే జంటచిత్రాలు, కదిలే బొమ్మలు పట్టుకొని దాని ఉద్యోగులు పల్లెలకు పోయేవారు. చదువురాని రైతుకూ గ్రంథాలయంతో పని ఉన్నదని ఆ ఏర్పాటుకు అర్థం. అక్షరం చదవలేనివాడు గ్రంథాలయానికి పరాయివాడు కాడని, అతనికి తగిన రూపంలో విషయాన్ని అందించడం గ్రంథపాలకుని పనులలో ఒకటని నూరేండ్లకు మునుపే ఒక ప్రభుత్వశాఖ ఒప్పుకొని, దానికి సొమ్ము కేటాయించినది. ఒకడు ఎందువల్ల చదవలేకపోతున్నాడు? బడికి పోకపోవడం వల్లనా, కంటిచూపు లేకపోవడం వల్లనా, చేతులు పుటను తిప్పలేకపోవడం వల్లనా? కారణం మారితే బాధ్యత మారుతుందా? ఈ ప్రశ్నకు నేటికీ తృప్తికరమైన సమాధానం దొరకలేదు.

ప్రజాగ్రంథాలయం అనే మాటలోని మొదటి పదం గొప్ప వాగ్దానం. కులం అడగరు, మతం అడగరు, ధనం అడగరు. తలుపు తెరచి ఉన్నది, రావచ్చును. కాని తలుపు తెరచి ఉండడమూ, లోపలికి రాగలగడమూ ఒకటేనా? తపతి ఒడ్డున ఎవరైనా గ్రంథాలయం కట్టదలచితే ముందుగా ఆలోచించవలసినది వరదను గూర్చి. 1968లోను, 2006లోను ఆ నది సూరత్‌ను ముంచిన తీరు అక్కడివారెవరూ మరువరు. పుస్తకానికి నీటిని మించిన శత్రువు లేదు, చెదపురుగు కూడ దాని తరువాతే. కావున తాపీమేస్త్రీ పునాదిని ఎత్తుగా లేపి, అరుగు కట్టి, నాలుగైదు మెట్లు పెడతాడు. అతని తప్పేమున్నది? అతడు పుస్తకాలను రక్షించినాడు. కాని ఆ మెట్ల ముందు చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఆగిపోతాడు, ఊతకర్రల ముసలమ్మ వెనుదిరుగుతుంది. పుస్తకం కొరకు వేసిన మెట్టు పాఠకునికి గోడ అయినది. ఇందులో దుర్మార్గుడు ఎవడూ లేడు, దుర్బుద్ధి ఎక్కడా లేదు. అయినను ఒక మనిషి వెలుపల మిగిలిపోయినాడు.

సంకల్పం లేని చోట అన్యాయం ఉంటుందా అన్నదే ఇక్కడి అసలైన నైతికప్రశ్న. మన సంప్రదాయం కర్మఫలాన్ని చాలవరకు సంకల్పంతో ముడిపెట్టినది. తెలియక చేసినదానికి ప్రాయశ్చిత్తం తేలిక. ఈ న్యాయం వ్యక్తి విషయంలో సరిపోతుంది. మేస్త్రీని ఎవరూ నిందించరాదు. కాని ప్రజాసంస్థ వ్యక్తి కాదు. దానికి మనస్సు లేదు కావున దుర్బుద్ధి ఉండే ప్రసక్తి లేదు. దుర్బుద్ధి లేదన్న కారణంతో దాని తప్పులన్నీ మన్నించవలసి వస్తే, సంస్థ ఎన్నడూ తప్పు చేయజాలదని ఒప్పుకొన్నట్లే. సంస్థను తూచవలసినది దాని ఫలితాలతోనే. ఎవరు లోపల ఉన్నారు, ఎవరు వెలుపల ఉన్నారు అన్న లెక్కతోనే.

ఈ దేశానికి ఇట్టి లెక్క కొత్త కాదు. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, దారులు, ప్రజలు కూడే స్థలాలు వీటిలో ఎవరినీ కులం పేరిట, మతం పేరిట అడ్డగించరాదని 1950లో రాజ్యాంగం పదునైదవ అధికరణంలో శాసించినది. అక్కడ అడ్డగించినది మనిషి. అతనికి నోరు ఉన్నది, చేయి ఉన్నది, శాసనంతో అతనిని ఆపవచ్చును. మెట్టుకు నోరు లేదు. అది ఎవరినీ పొమ్మనదు. కావుననే దాని అడ్డగింత చాలకాలం ఎవరి కంటా పడలేదు. వెలివేతను ఎరిగిన సమాజం సైతం ఈ వెలివేతను వెలివేతగా గుర్తించడానికి మరి యాభై యేండ్లు పట్టినది. వికలాంగుల హక్కులను గూర్చిన మొదటి సమగ్ర చట్టం 1995లో వచ్చినది. దాని స్థానంలో మరింత విస్తృతమైన చట్టం 2016లో వచ్చినది. 2015 చివరనుండి ప్రభుత్వభాషలో వారు ‘దివ్యాంగులు’ అయినారు. పేరు ఆకాశానికి ఎగసినది, చాలాచోట్ల మెట్టు మాత్రం నేలమీదనే ఉన్నది.

ఇక్కడ గ్రంథపాలకులు తరచు చెప్పే ఒక మాటను విచారించవలసి ఉన్నది. ‘ఏర్పాట్లు చేయడానికి మాకు అభ్యంతరం లేదు. కాని అట్టివారు ఎవరూ మా గ్రంథాలయానికి రావడం లేదు’ అంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. హాజరుపట్టీ చూస్తే నిజమే. కాని మెట్లు ఉన్నందున రాలేదు, రానందున మెట్లు ఉన్నవి. ఇది పాము తన తోకను తాను మింగడం. 2011 జనాభా లెక్కలలో ఏదో ఒక వైకల్యం ఉన్నవారు 2 కోట్ల 68 లక్షలమందిగా తేలినారు. వారిలో చూపుకు సంబంధించినవారే సుమారు 50 లక్షలు. వీరందరికీ పుస్తకాలమీద విరక్తి కలిగినదని అనుకోవడం కంటే, దారి లేదని అనుకోవడం తర్కానికి దగ్గర.

ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమం ఈ తర్కాన్ని ఎన్నడో గ్రహించినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు పాఠకుడు రాకపోతే పుస్తకమే పోవలెనని పట్టుబట్టినారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు మండలపు కాలువలమీద పడవలో గ్రంథాలయం నడిపినారు. కాలువగట్టు రేవుల దగ్గర పడవ ఆగేది, పుస్తకాలు చేతులు మారేవి. ఆ పల్లెలవారు అంతకుమునుపు గ్రంథాలయానికి రాలేదు కదా, వారికి ఆసక్తి లేదని ఆ ఉద్యమకారులు అనలేదు. దూరం పాఠకుని దోషం కాదని వారికి తెలుసు. పల్లె గ్రంథాలయాలలో సాయంకాలం ఒకడు వార్తాపత్రిక బిగ్గరగా చదివితే చుట్టూ చేరి వినే అలవాటు కూడా ఆ కాలానిదే. నేడు దానికి పెద్దపేర్లు పెట్టవచ్చును. నాడు అది వట్టి మర్యాద.

1931లో రంగనాథన్ గ్రంథాలయశాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పినాడు. గ్రంథాలు ఉపయోగం కొరకే అన్నది మొదటిది, ప్రతి పాఠకునికీ అతని గ్రంథం అన్నది రెండవది. ఆ ‘ప్రతి’ అనే చిన్నమాటను నోటితో అనడం సులభం, కట్టడంలో చూపడం కష్టం. ఆ సూత్రాన్ని గోడమీద అందంగా వ్రాసి తగిలించిన గ్రంథాలయాలలో ఆ గోడదాకా పోలేనివారు ఎందరో లెక్కించిన వారు తక్కువ.

విషయాన్ని మరికొంత లోతుగా చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. అచ్చు రాకముందు అంధుడు సాహిత్యానికి దూరంగా లేడు. ప్రేమానందుని ఆఖ్యానాలను గుజరాతులో మాణభట్టులు రాగికడవమీద ఉంగరాల వేళ్లతో తాళం వేస్తూ గానం చేసేవారు. ఆ సభలో కన్నులున్నవాడూ లేనివాడూ సమానులే. తెలుగునాట పురాణకాలక్షేపం, హరికథ, తోలుబొమ్మలాటలో సైతం పాట, ఇవన్నీ చెవికి చెందినవి. వ్రజభాషలో సూరదాసు అంధుడని సంప్రదాయం చెబుతున్నది. ఆ సంప్రదాయం చారిత్రకంగా ఎంతవరకు నిలుస్తుందన్నది వేరు సంగతి. అంధుడు మహాకవి కావడంలో వింత ఏమీ లేదని అది నమ్మినది, అదే గమనించవలసినది. పిమ్మట సాహిత్యం చెవినుండి కంటికి వలసపోయినది. అచ్చు లక్షలమందికి తలుపు తెరచినది. ఆ ఉపకారాన్ని తక్కువ చేయరాదు. కాని అదే తలుపు కొందరి వెనుక మూసుకొన్నది. వారు ఎక్కడికీ కదలలేదు, సాహిత్యమే వారిని విడిచి కదలిపోయినది.

కావున గ్రంథాలయంలో బ్రెయిలీ గ్రంథాన్నో, మాట్లాడే పుస్తకాన్నో ఉంచడం క్రొత్తగా చేస్తున్న ఉపకారం అనిపించుకోదు. తీసుకొన్నదానిని తిరిగి ఇవ్వడం అనడమే సబబు.

దీనికి ఎదురుగా పండిత సుఖలాల్ సంఘవి జీవితాన్ని చూపేవారు ఉన్నారు. సౌరాష్ట్రంలోని లిమ్లీ గ్రామంలో 1880లో జన్మించిన ఆయనకు పదహారవ యేట మశూచికం వల్ల చూపు పోయినది. కాశీకి పోయి సంస్కృతం, న్యాయం, దర్శనాలు అభ్యసించినాడు. గుజరాత్ విద్యాపీఠంలో బేచర్‌దాస్ దోశీతో కలసి ‘సన్మతితర్కం’ వంటి కఠినగ్రంథాన్ని సంస్కరించి ప్రకటించినాడు. కాశీ హిందూవిశ్వవిద్యాలయంలో జైనదర్శనం బోధించినాడు. ‘దర్శన్ అనే చింతన్’ గ్రంథానికి 1958లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. తాళపత్రాల పాఠభేదాలను సైతం వినికిడితోనే నిర్ణయించిన మనిషి ఆయన. ‘ఆయనకు ఏ ప్రత్యేక సదుపాయం కలదు? పట్టుదల ఉంటే చాలదా?’ అని అడుగుతారు.

ఈ వాదం వినడానికి ఉత్సాహకరంగా ఉంటుంది, కాని నిలువదు. సుఖలాల్‌జీ ప్రజ్ఞ వెనుక ఆయనకు చదివి వినిపించిన గొంతులు ఎన్నో ఉన్నవి. గురువులు, సహపాఠులు, శిష్యులు తమ జీవితంలోని వేల గంటలను ఆయన చెవికి అర్పించినారు. అంటే ఆయనకు సదుపాయం లేకపోలేదు, అది యంత్రరూపంలో కాక మనుష్యరూపంలో ఉన్నది. అట్టి మనుషులు దొరకని ఊళ్లలో అంతటి ప్రజ్ఞ ఎన్నిసార్లు పుట్టి, మాట పెగలకుండానే అణగిపోయినదో చరిత్రకు తెలియదు. అణగిపోయినవారు గ్రంథాలు వ్రాయరు కదా. ఒక్క మహాపురుషుని చూపి వేయిమందికి దారి అక్కరలేదనడం, ఈదుకొని ఏరు దాటిన ఒకనిని చూపి వంతెన వద్దనడం వంటిది.

భారత అరణ్యపర్వంలో అష్టావక్రుని కథ ఇక్కడ జ్ఞప్తికి రాకమానదు. జనకుని యజ్ఞశాల ద్వారం దగ్గర అతనిని కావలివాడు ఆపినాడు. పెద్దలకు తప్ప బాలురకు ప్రవేశం లేదన్నాడు. అష్టావక్రుడు వాదించి గెలిచి లోపలికి పోయినాడు. లోపల వందిని కూడ గెలిచినాడు. కథ అక్కడ మురిపిస్తుంది. కాని వాదించలేని బాలుడు వచ్చి ఉంటే? వట్టి కుతూహలంతో వినడానికి వచ్చిన సామాన్యుడై ఉంటే? కథ వానిని గూర్చి మాట్లాడదు. రాజసభకు అది చెల్లును. ప్రజాగ్రంథాలయానికి చెల్లదు. అక్కడికి వచ్చేవాడు అష్టావక్రుడని రుజువు చేసుకోనక్కరలేదు. కాలక్షేపానికి ఒక నవల కావాలని వచ్చే హక్కు కన్నులున్నవానికి ఎంత కలదో లేనివానికీ అంతే కలదు. వికలాంగుని గూర్చి మాట్లాడేటప్పుడు వెంటనే అతని అసాధారణ ప్రతిభను వెతకడం మనలో చాలమందికి అలవాటు. అది మెచ్చుకోలువలె కనబడే ఒక సుంకం.

చదివి వినిపించడంలో మరొక చిక్కు ఉన్నది. దానిని సుఖలాల్‌జీ వంటివారి శాస్త్రగ్రంథాలలో కంటె సామాన్య పఠనంలో స్పష్టంగా చూడవచ్చును. చదువు అనేది చాలవరకు ఏకాంతం. ఒకే వాక్యం దగ్గర పదినిమిషాలు ఆగవచ్చును. పది పుటలు దాటవేయవచ్చును. ఇతరులకు చెప్పుకోలేని సందేహానికి, రోగానికి, ప్రేమకు, నాస్తికత్వానికి పుస్తకంలో జవాబు వెతకవచ్చును. ప్రతి అక్షరానికీ మరొకరి నోరు కావలసినవానికి ఈ ఏకాంతం లేదు. తమ్ముని చేత ఏ పుస్తకం చదివించుకోవచ్చునో, కోడలి చేత ఏది చదివించుకోరాదో అతడు ముందే ఎంచుకోవలెను. ఆ ఎంపిక అతని మనస్సును కొంచెం కొంచెంగా ఇరుకు చేస్తుంది. ఎంత ప్రేమతో చదివి వినిపించినను ఈ నష్టం పూడదు.

లూయీ బ్రెయిలీ చేసిన మేలు ఇందులో ఉన్నది. 1809లో ఫ్రాన్సులో జీనులు కుట్టేవాని ఇంట పుట్టి, మూడవ యేట తండ్రి పనిముట్టు గ్రుచ్చుకొని చూపు పోగొట్టుకొన్న ఆ బాలుడు, రాత్రిచీకటిలో సైనికులు వ్రాసుకొనే చుక్కలలిపిని చూచి, దానిని ఆరు చుక్కలకు కుదించి, 1829లో ప్రకటించినాడు. ఆరు చుక్కల అమరికలు మొత్తం 63. వేలికొన ఒక్కసారి తాకితే అక్షరం పూర్తిగా అందుతుంది. పక్కన ఎవరూ ఉండనక్కరలేదు, దీపం కూడ అక్కరలేదు.

మనదేశంలో ఈ లిపి కథ మరింత రసవత్తరంగా ఉన్నది. మొదట ప్రాంతానికొక పద్ధతి పుట్టి గందరగోళం ఏర్పడినది. 1951లో అన్ని భారతీయభాషలకూ ఒకే పద్ధతిని స్థిరపరచినారు. దానికి భారతీ బ్రెయిలీ అని పేరు. అందులో ‘క’ అనే ధ్వనికి తెలుగులోను, గుజరాతీలోను, హిందీలోను ఒకటే గుర్తు, మొదటి చుక్క, మూడవ చుక్క. ద్రావిడభాషల హ్రస్వమైన ఎ, ఒ వంటి కొద్ది అక్షరాలకు మాత్రమే వేరు ఏర్పాట్లు. గుణింతాలు పైకీ కిందికీ అంటుకోవు, ఒత్తులు కిందికి దిగవు. హలంతపు గుర్తు ముందు వచ్చి, అన్నీ వరుసగా ఒకే గీతమీద నడుస్తవి.

దీని ఫలితం ఎట్టిదో సూరత్‌లోనే చూడవచ్చును. తెలంగాణంలోని నల్లగొండ, వరంగల్లు, కరీంనగరం ప్రాంతాలనుండి మగ్గాలను నమ్ముకొన్న పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఆ నగరానికి వలసపోయి మరమగ్గాల పనిలో స్థిరపడినవి. వారి పిల్లల కొరకు సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడుపుతూ వచ్చినది. అక్కడి తెలుగుబిడ్డ గుజరాతీ దుకాణపు బోర్డు చదవడానికి క్రొత్తలిపి నేర్చుకోవలెను. తెలుగు బ్రెయిలీ నేర్చిన అంధబాలిక వేలికి గుజరాతీ అక్షరాలు ముందే తెలిసినవి. భాష మాత్రం నేర్చుకొంటే చాలును. దేశానికంతటికీ ఒక్కలిపి ఉండవలెనని కన్నులున్న పండితులు ఎన్నో సభలు జరిపినారు, ఎన్నో వ్యాసాలు వ్రాసినారు, ఒక అంగుళం ముందుకు పోలేదు. అంధులు ఆ పని ఎప్పుడో ముగించుకొన్నారు. అనువాదకులకు ఇది కొంత అసూయ పుట్టించే సంగతి.

అయితే ఆ బాలికకు తెలుగు బ్రెయిలీ పుస్తకం సూరత్‌లో ఎక్కడ దొరుకుతుంది? గ్రంథాలయపు అలమరలో భాషను బట్టి వెతికితే తెలుగు అల్పసంఖ్యాకం. చూపును బట్టి వెతికితే ఆమె అల్పసంఖ్యాకం. రెండు అల్పత్వాలు కలసినచోట మనిషి దాదాపు అదృశ్యమవుతాడు. గ్రంథాలయపు ధర్మాన్ని పరీక్షించవలసిన చోటు సరిగా ఇదే.

ఖర్చు మాట ఎత్తకుండా ఈ చర్చ నిజాయితీగా సాగదు. పల్లెటూరి గ్రంథాలయానికి ఏటా వచ్చే సొమ్ము చాలా తక్కువ. బ్రెయిలీ పుస్తకానికి దళసరి కాగితం కావలెను, ఒక మోస్తరు నవల అనేక సంపుటాలై అలమరను ఆక్రమిస్తుంది. ఒక్క పాఠకుని కొరకు అంత సొమ్ము వెచ్చిస్తే, అదే సొమ్ముతో వందమంది చదివే కొత్తపుస్తకాలు రావు. వందమంది ప్రయోజనం గొప్పదా, ఒక్కనిదా? ఈ ప్రశ్నను ఎగతాళి చేయరాదు. దీనిని అడిగే గ్రంథపాలకుడు కఠినుడు కాడు, లెక్క తెలిసినవాడు.

కాని లెక్కలో ఒక పద్దు జారిపోయినది. వందమందికి ఇప్పటికే వేల పుస్తకాలు ఉన్నవి. నూటొకటవ పుస్తకం వారికి కలిగించే మేలు, మొదటి పుస్తకం ఆ ఒక్కనికి కలిగించే మేలు ఒకే తూకం కాదు. పంక్తిలో అందరికీ రెండవసారి నెయ్యి వడ్డించేముందు, విస్తరి వేయనివాడు ఎవడైనా ఉన్నాడేమో చూడడం వడ్డనలో తెలిసిన మర్యాదే. మరొకటి, ఆ వేల పుస్తకాలు కొన్న సొమ్ములో అతని సొమ్ము కూడ ఉన్నది. తెలుగు రాష్ట్రాలలో ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. ఆ ఇంటిలో ఉన్నవాడు చూడగలడా లేడా అని ఆ రసీదు అడగదు. పన్ను తీసుకొనేటప్పుడు పౌరుడైనవాడు పుస్తకం అడిగేటప్పుడు దయకు పాత్రుడు ఎట్లు అవుతాడు?

దయ అనే మాట ఇక్కడ సరిపడదు. గీత సాత్త్విక దానాన్ని మిక్కిలి ఉన్నతంగా నిర్వచించినది. ప్రత్యుపకారం ఆశించకుండా, ఇవ్వదగినదని ఇచ్చేది అది. అంత ఉన్నతమైనను అది దానమే. ఇచ్చేవాని చేయి పైన, పుచ్చుకొనేవాని చేయి కింద. మన సంప్రదాయంలోనే ఇంతకంటె తగిన భావం మరొకటి ఉన్నది, అది ఋణం. మనిషి మూడు ఋణాలతో పుడతాడు. వాటిలో ఋషిఋణం తీరేది అధ్యయనంతో. ప్రతి మనిషికీ చదవవలసిన బాధ్యత ఉన్నదని ఒప్పుకొన్నవారు, అతడు ఆ బాధ్యత తీర్చుకొనే దారిని అడ్డగించజాలరు. ఆ అధ్యయనాధికారాన్ని శతాబ్దాలపాటు కొన్ని కులాలకే పరిమితం చేసినది కూడ ఈ సంప్రదాయమే. ఆ నిజాన్ని దాచి ఋషిఋణాన్ని పొగడడం సగం మాట. భావం పెద్దదై, ఆచరణ చిన్నదైనచోట ఆచరణను భావమంత పెంచడమే వారసుల పని.

శాసనం ఇప్పుడు ఈ వైపుకే వచ్చినది. 2016 చట్టం కింద తయారైన నియమాలలో సౌలభ్య ప్రమాణాలు వట్టి సలహాలుగా మిగిలిపోయినవని, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేయవలెనని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పినది. సలహాకూ విధికీ గల తేడాయే దయకూ ఋణానికీ గల తేడా.

ఇక ఖర్చు సైతం భయపెట్టినంత లేదు. ఏటవాలు దారికి మనదేశపు ప్రమాణం ఒకటికి పన్నెండు. అరుగు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే దారి 7.2 మీటర్ల పొడవు ఉండవలెను. వరదకు భయపడి అరుగు లేపినచోట అరుగును దించనక్కరలేదు, దారిని పొడిగిస్తే చాలును. తపతి ఒడ్డున పుస్తకమూ బ్రతుకుతుంది, పాఠకుడూ లోపలికి వస్తాడు. పొడవు చాలదని నిట్టనిలువుగా కట్టి, ‘సౌకర్యం కలదు’ అని నివేదికలో వ్రాసుకోవడం మాత్రం మెట్టుకంటె హీనం. మెట్టు కనీసం అబద్ధమాడదు.

బ్రెయిలీ సంపుటాలను ప్రతి గ్రంథాలయమూ కొననక్కరలేదు. ఒకచోట ఉంచి తపాలాలో పంపవచ్చును. అంధుల సాహిత్యపు కట్టలను మన తపాలాశాఖ రుసుము లేకుండా చేరవేస్తుంది. బరోడా కొయ్యపెట్టె ఈ రూపంలో ఇంకా బ్రతికే ఉన్నది, ఎత్తి పంపేవారు కావలెను. 2012లో గ్రంథస్వామ్య చట్టాన్ని సవరించి, వికలాంగులకు చదువదగిన రూపంలోకి గ్రంథాన్ని మార్చడానికి రచయిత అనుమతి అక్కరలేదన్నారు. 2013లో మరాకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను 2014లో అన్నిదేశాలకంటె ముందుగా ధ్రువీకరించినది భారతదేశమే. 2016 ఆగస్టులో ‘సుగమ్య పుస్తకాలయ’ అనే విద్యుత్ గ్రంథాలయం ఆరంభమైనది. ఇప్పుడు కంప్యూటరులో, చేతిఫోనులో అక్షరాన్ని ధ్వనిగా మార్చే సాధనాలు ఉన్నవి. అవి తెలుగు కూడ పలుకుతవి, కొంచెం యాంత్రికంగా పలికితేనేమి. కామ్‌రేజ్ వంటి ఊరిలో ఒక కంప్యూటరు, దానికి చెవిగొట్టాలు, వాడుక నేర్పే ఓపికగల ఒక ఉద్యోగి ఉంటే ఎన్నో అలమరల పని జరుగుతుంది. ఆ మూడింటిలో దొరకడం కష్టమైనది మూడవదే.

బధిరుల సంగతి ఇంకా వెనుకబడి ఉన్నది. వారికి కన్నులున్నవి కదా, పుస్తకం చదువుకోగలరు కదా అనుకొంటారు. పుట్టుకతో చెవుడు గలవాని మొదటిభాష చేతిసైగలది కావచ్చును. అట్టివానికి అచ్చులోని తెలుగైనా గుజరాతీయైనా పరభాష. సైగల భాషలో కథ చెప్పే దృశ్యాలు గ్రంథాలయంలో ఉండవలెనన్న ఆలోచన ఇప్పుడిప్పుడే మొలకెత్తుతున్నది. నూరేండ్ల కిందటి బరోడా దృశ్యబోధన శాఖకు ఇది పరాయి ఆలోచన కాదు.

తెలుగువారు తమ ఇంటిలో సవరించుకోవలసినది మరొకటి మిగిలి ఉన్నది. దాని బాధ్యత గ్రంథపాలకునిది కాదు. మన పాతపుస్తకాలను వేలసంఖ్యలో ఛాయాచిత్రాలుగా తీసి కంప్యూటరులో భద్రపరచినారు. కన్నులున్నవారికి అది నిధి. అక్షరాన్ని పలికే యంత్రానికి ఆ పుట వట్టి బొమ్మ. దానిలో అది ఏమీ చదవజాలదు. కొత్తపుస్తకాల స్థితి ఇంతకంటె విచిత్రం. తెలుగు ప్రచురణకర్తలు చాలమంది ముప్పైయేండ్లుగా వాడుతున్న అను మొదలైన అక్షరరూపాలు కంటికి తెలుగువలె కనబడుతవి, యంత్రం లోపల మాత్రం అవి రోమను అక్షరాలు, విరామచిహ్నాలు కలసిన ఒక గజిబిజి. యంత్రం పలికితే వినేవానికి అర్థంలేని శబ్దాల వరుస వినవస్తుంది. అదే గ్రంథాన్ని యూనికోడులోకి మార్చి ఒక ప్రతిని దాచితే, అడిగినవారికి ఆ పూటనే పంపవచ్చును. కాగితం అక్కరలేదు, అచ్చు అక్కరలేదు, దారం కుట్టనక్కరలేదు. రచయితలు తమ ఒప్పందపత్రంలో ఒక్కవాక్యం చేర్పించుకొంటే ప్రచురణకర్త ఆ పని చేస్తాడు. అనువాదగ్రంథాల విషయంలో ఈ వాక్యం మరింత అవసరం. ఒక భాషలోని పుస్తకాన్ని మరొక భాషవానికి అందించడమే తన వృత్తి అయినవాడు, తన భాషలోనే అది ఎవరెవరికి అందలేదో అడగకుండా ప్రతులు అప్పగించడం ఎట్లు?